ఫిబ్రవరిని ఒప్పుకోని మామయ్య

మా మేనమామ నుమేరియస్ కొసూతియస్ లెక్కలో సంవత్సరానికి పది నెలలే. మార్చితో మొదలవుతుంది, డిసెంబరుతో ముగుస్తుంది. ఆపైన మళ్ళీ మార్చి వచ్చేదాకా రోమ్ నగరంలో ఏదీ జరగదు. చలి వేస్తుంది, వాన పడుతుంది, టైబర్ నది పొంగి చేపల బజారులోకి వస్తుంది. కానీ అవేవీ జరిగినట్టు కాదు. జరగడానికి ఒక తేదీ ఉండాలి, తేదీకి ఒక నెల ఉండాలి. జనవరి, ఫిబ్రవరి అనేవాటిని ఆయన నెలలుగా గుర్తించలేదు.

గుర్తించలేదు అన్న మాట ఆలోచించే వాడాను. న్యాయశాస్త్రం చదివినవాడు "మరిచిపోయాడు" అనో "మతి చెడింది" అనో రాస్తే అది తప్పుడు వాంగ్మూలమవుతుంది. ఆయనకు అన్నీ తెలుసు. తెలిసి, రెండు పక్షాల వాదనలూ విని, తూచి, ఆ రెండు నెలల దావాను ఖర్చులతో సహా కొట్టేశాడు.

"ఒరే అల్లుడూ," అనేవాడు ఉడికించిన శనగలు నములుతూ, "మన ఊరు కట్టిన రోములస్ ఏడాదికి ఎన్ని నెలలు పెట్టాడు?"

"పది, మామయ్యా."

"ఆఖరిది?"

"డిసెంబరు."

"అంటే ఏమిటి?"

"పదోది."

"ఇప్పుడు వరసలో ఎన్నోది?"

"పన్నెండోది."

"పదో సంతానమని పేరు పెట్టినవాణ్ణి పన్నెండోవాడిగా నిలబెడితే, ఆ ఇంటి గురించి ఊళ్ళో ఏమనుకుంటారు?"

"మధ్యలో ఎవరో ఇద్దరు దూరారనుకుంటారు."

"మరి దూరినవాళ్ళకి నేను పీట వేసి కూర్చోబెట్టాలా?"

ఆ ఇద్దరినీ దూర్చినవాడు రోములస్ తరవాత వచ్చిన నూమా రాజని అందరూ చెప్పే మాట. మామయ్యకు నూమా మీద వ్యక్తిగతమైన కోపమేమీ లేదు. "పాపం, ఖాళీగా ఉన్న రాజు," అనేవాడు. "నాగలి అటకెక్కాక పొలంలో పనేముంది? పని లేని రోజుకి పేరెందుకు? రైతు పెట్టిన సంవత్సరం అది. పురోహితులు దాన్ని సాగదీశారు."

జనవరి ఒకటిన మా ఊళ్ళో ఒకరికొకరు తేనెలో నానిన అత్తిపళ్ళు ఇచ్చుకుంటారు. నేను ఏటా తీసుకెళ్ళేవాణ్ణి. ఆయన ఏటా తినేవాడు.

"ఎలా ఉన్నాయి, మామయ్యా?"

"ఏవి?" అనేవాడు వేళ్ళు నాకుతూ.

ఆ రోజే, ఏడాదిపాటు మమ్మల్ని ఏలే కొత్త కాన్సుల్స్ ఇద్దరూ అధికారం స్వీకరిస్తారు. మా తాతల నాటికి ఆ వేడుక మార్చిలో ఉండేది. ఎవరికో యుద్ధానికి తొందరై ముందుకు జరిపారు. మామయ్య ఆ జరపడాన్ని కూడా గుర్తించలేదు. ఒకసారి ఊరి నడిబొడ్డున ఫోరంలో పరివారంతో నడిచి వస్తున్న కాన్సుల్‌కి ఎదురెళ్ళి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"తమరు ప్రమాణం ఏ రోజున చేశారండీ?"

"జనవరి ఒకటిన."

"అయ్యయ్యో. ఇంకా ఆలస్యం కాలేదు లెండి. మార్చి రాగానే ఇంకోసారి చేసెయ్యండి, ఎవరికీ తెలియదు."

కాలివేలి వాపుకు గ్రీకు వైద్యుడి దగ్గరికి వెళ్ళిన ఉదంతం మా వీధిలో ఇప్పటికీ నాటకంలా వేస్తారు. మార్చి నెల తొలిరోజు అది. నొప్పి ఎప్పుడు మొదలైందని వైద్యుడు అడిగాడు. "డిసెంబరు చివరి రోజున," అన్నాడు మామయ్య. "అంటే రెండు నెలలైంది," అన్నాడు వైద్యుడు. "కాదు, నిన్న," అన్నాడు మామయ్య. వైద్యుడు ఒక్కరోజు నొప్పికి తగిన పసరు రాసి పంపించాడు. విచిత్రమేమిటంటే తగ్గింది.

వయసు సంగతికి వస్తే, అరవైకి దగ్గరపడిన ఆయన తనకు యాభై కూడా నిండలేదని వాదించేవాడు. ఏటా రెండు నెలలు మినహాయించాలట. "బతకని రోజులకు ముసలితనం ఎందుకు కట్టాలి?" అన్నది ఆయన ప్రశ్న. దీనికి జవాబు నాకు ఏ శాస్త్రంలోనూ దొరకలేదు.

ఇక అధికమాసం. మా సంవత్సరం సూర్యుడి కంటే పొట్టిది గనక, పురోహితులు అప్పుడప్పుడూ ఫిబ్రవరి చివర్లో, ఇరవై మూడున వచ్చే హద్దురాళ్ళ పండుగ కాగానే, ఒక నెలను అతికిస్తారు. ఎప్పుడు అతికించాలన్నది ఆకాశాన్ని చూసి తేల్చాలి. వాళ్ళు ముఖాలను చూసి తేలుస్తారు. తమవాడు పదవిలో ఉంటే ఏడాది పెరుగుతుంది, గిట్టనివాడుంటే పెరగదు. ఒక జాతి మొత్తం కాలాన్ని పదిమంది గుప్పిట్లో పెట్టుకోవడం దోపిడీ కాకపోతే మరేమిటని నేను ఫోరం మెట్లమీద నిలబడి గొంతు బొంగురుపోయేదాకా అడిగాను. మామయ్య మాత్రం అధికమాసం ప్రకటించినప్పుడల్లా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు.

"లేని నెలకి ఇంకో లేని నెలని అతికించార్రా. ఇల్లే లేనివాడు మేడమీద గది వేయించినట్టు లేదూ?"

ఆయనకు మరో గుణం కూడా ఉంది. అబద్ధం చెప్పడం చేతకాదు. ఇష్టం లేక కాదు, చేతకాక. విందుకు పిలిచిన ఇల్లాలు "చేపల రసం ఎలా ఉందన్నయ్యా?" అని అడిగితే, "కుళ్ళింది, చెల్లమ్మా," అని చెప్పి, అదే గిన్నె మళ్ళీ వడ్డించుకునే మనిషి. అందుచేత ఆయన్ను భోజనానికి పిలిచే ఇళ్ళు బాగా తగ్గిపోయాయి.

చలికాలంలో ఆయన గడప దగ్గరికి వెళ్ళడమే ఒక వినోదం. తలుపు కాసే దామా అనే బానిస యజమానికి తగినవాడు. ఎవరు ఏది అడిగినా మొహంలో ఒక్క గీత కదలకుండా ఒకటే మాట.

"అయ్యగారున్నారా?"

"ఏ రోజు సంగతండీ?"

"ఇవాళ్టి సంగతే."

"ఇవాళ అనేది ఈ ఇంట్లో లేదండి. మార్చిలో దయచేయండి."

వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఆ ఇంట్లోకి తొంగిచూడాలని ఎవరికీ తోచేది కాదు. పిచ్చివాడి ఇంట్లో చూడ్డానికేముంటుంది?

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇప్పుడు వెతీలియా దావాకు వస్తాను.

వెతీలియా మా పక్కవీధి ఆడపడుచు. టైబర్ ఒడ్డున తండ్రి వదిలివెళ్ళిన అద్దకం కార్ఖానా నడుపుతుంది. మంజిష్ఠ తొట్లలో మునిగీ మునిగీ ఆమె చేతులు మోచేతులదాకా ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. దావాకు వెనకటి ఏడాది మార్చి ఒకటిన, ఏ తంతూ లేకుండానే, ఓర్సీవియస్ అనే గోదాముల ఆసామి కొడుకుతో కాపురానికి వెళ్ళింది. కుర్రవాడు మంచివాడే, తండ్రి ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం అతనికి నోరుండదు.

మా చట్టం ఏమంటుందంటే, ఏ తంతూ లేకుండా కాపురానికి వచ్చిన స్త్రీ భర్త ఇంట్లో ఒక ఏడాది పూర్తిగా ఉంటే, ఆమె అతని చేతికిందికి పోతుంది. ఆమెతోపాటు ఆమెకున్నదంతా పోతుంది. మామగారు బతికుంటే మామగారికే పోతుంది. పొలాన్నీ ఎద్దునూ అనుభవంతో సొంతం చేసుకున్నట్టే మనిషినీ చేసుకోవచ్చని కంచుపలకల మీద చెక్కించిన పెద్దలు, దయతలచి ఒక సందు వదిలారు: ఏడాదిలో వరసగా మూడు రాత్రులు బయట గడిపితే ఆ ఏడాది లెక్క తెగిపోతుంది. నీ సొత్తు నీది కావాలంటే ఏటా మూడు రాత్రులు ఇల్లు విడిచి పారిపోవాలని ఏ మగవాడికైనా చెప్పి చూడండి. మరునాటికి చట్టం మారుతుంది.

ఏడాది నిండవచ్చిన ఫిబ్రవరిలో వెతీలియా, హద్దురాళ్ళ పండుగనాడు మామయ్య ఇంటికి వెళ్ళింది. ఆ ఏడాది అధికమాసం పడలేదు. మార్చి వచ్చేదాకా అక్కడే ఉంది. అంటే మూడు రాత్రులు పోను ఇంకా మిగిలాయి. కానీ ఓర్సీవియస్, కోడలు పండుగనాడు తన ఇంట్లోనే ఉందనీ, నెలాఖరుకు రెండు రోజుల ముందు మాత్రమే వెళ్ళిందనీ వాదించాడు. అదే నిజమైతే ఆమె గడిపిన మూడో రాత్రి మార్చిలోకి దొర్లుతుంది. మాకు రోజు అర్ధరాత్రి మారుతుంది గనక ఆ రాత్రిలో సగం ఆమె కాపురానికి రెండో ఏడాదిది. సగం రాత్రి చట్టం దృష్టిలో రాత్రి కాదు. కార్ఖానా ఓర్సీవియస్‌ది. తొట్లు పగలగొట్టించి అక్కడ మద్యం జాడీలు పెట్టించడానికి అతను అప్పటికే మేస్త్రీతో మాట్లాడాడు.

"తమ్ముడూ," అంది వెతీలియా, ఎర్రని చేతులు చూసుకుంటూ, "నాకీ పని తప్ప ఇంకోటి రాదు. ఆ ఇంట్లో వాళ్ళంతా ఆయన చెప్పినట్టే చెబుతారు. నా తరఫున ఎవరున్నారు?"

దామా ఉన్నాడు. కానీ బానిస మాటను మా న్యాయస్థానాలు చిత్రహింస పెట్టాక గాని నమ్మవు. ఆ దారి నేను తొక్కను, మామయ్య తొక్కనివ్వడు. ఇక మిగిలింది ఒకే ఒక్క సాక్షి: ఫిబ్రవరి లేదన్న మనిషి.

విచారణకు ముందురోజు వెళ్ళాను. ఏప్రిల్ మాసం, ఆయన పూర్తిగా గుర్తించిన నెల. పెరట్లో కూర్చుని శనగలు తింటున్నాడు.

"మామయ్యా, వెతీలియా మీ ఇంటికి ఎప్పుడొచ్చింది?"

"డిసెంబరు తరవాత, మార్చికి ముందు."

"ఆ మధ్యలో ఏముంది?"

"చలి."

"పండుగ రోజునే వచ్చిందని న్యాయనిర్ణేత ముందు చెప్పాలి మీరు."

"ఏ నెలలో పండుగ?"

"మామయ్యా, ఆ పిల్ల బతుకు పోతుంది."

ఆయన శనగల గిన్నె పక్కన పెట్టాడు. నేను ఎరిగినంతలో ఆయన గిన్నె మధ్యలో పక్కన పెట్టడం అదే మొదలు.

"నేను అక్కడికొచ్చి ఆ నెల ఉందన్నాననుకో," అన్నాడు మెల్లిగా, "వచ్చే చలికాలం దామా గడపలో నిలబడి ఏం చెబుతాడు?"

"దామా ఏం చెబితే ఎవరిక్కావాలి?"

ఆయన నా వైపు చూశాడు. అంత జాలిగా ఆయన నన్నెప్పుడూ చూడలేదు.

"చదువుకున్నవాడివి, ఒకటి చెప్పు. పొలం తగాదాలో, ఈ మూడు చాళ్ళు అవతలివాడివేనని నేను ఒప్పుకుంటే, పొలమంతా వాడిదని ఒప్పుకున్నట్టేనా?"

"కాదు. ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే."

"ఖాయమా?"

"చట్టమే అది. ఇప్పుడు పొలం గోల ఎందుకు మీకు?"

"ఊరికే," అని మళ్ళీ గిన్నె అందుకున్నాడు. నేను తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

మరునాడు ఫోరంలో బల్లమీద కూర్చున్న న్యాయనిర్ణేత పాకోనియస్ అనే యువకుడు. చుట్టూ జనం. సగానికి సగం ఆడవాళ్ళే. ఆ దావా వాళ్ళకు కొత్తది కాదు. పాకోనియస్ తల్లి ముందువరసలో మడత కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఓర్సీవియస్ మనుషులు ఒక్కరొక్కరే వచ్చి, ఒకే వాక్యాన్ని ఒకే చోట ఊపిరి తీసుకుంటూ అప్పజెప్పారు. నా వంతు వచ్చింది. చేతిలో ఏమీ లేదు. అప్పుడు జనాన్ని చీల్చుకుంటూ, ఉతికించిన టోగా చుట్టుకుని మామయ్య వచ్చాడు. ప్రమాణం చేశాడు.

"ఈమె మీ ఇంటికి ఏ రోజున వచ్చింది?" అన్నాను.

"ఫిబ్రవరిలో," అన్నాడు మామయ్య, "హద్దురాళ్ళ పండుగనాడు. ఆ రాత్రీ, ఆ తరవాతి రెండు రాత్రులూ నా ఇంటి కప్పుకింద నిద్రపోయింది."

మాంసం కాల్చి అమ్మేవాడు పట్టకారు వదిలేశాడు.

ఓర్సీవియస్ లేచాడు. "అయ్యా, ఈయన పిచ్చివాడని ఊరంతటికీ తెలుసు. పిచ్చివాడి సాక్ష్యం చెల్లదు. ఫిబ్రవరంటే ఏమిటో తెలియని మనిషి."

"పరీక్షిస్తే సరి," అన్నాడు పాకోనియస్. "ఫిబ్రవరికి ఎన్ని రోజులండీ?"

"ఇరవై ఎనిమిది. నూమాకి సరిసంఖ్యలంటే హడలు. నెలలన్నిటికీ బేసి లెక్కన పంచుకుంటూ పోయి, ఎక్కడో ఒకచోట సరిసంఖ్య తప్పదని తేలాక, పోయినవాళ్ళకు పెట్టుకునే ఈ నెల నెత్తిన రుద్దాడు."

"పాతరోజుల్లో ఏ నెలైనా మొదలైందని ఎలా తెలిసేది?"

"ఆకాశంలో నెలవంక కనబడితే పురోహితుడు గుట్టమీదికి జనాన్ని పిలిచి, ఈ నెల మొదటి పర్వం ఐదోనాడా ఏడోనాడా అని కేక వేసేవాడు. తరవాత్తరవాత చంద్రుణ్ణి చూడ్డం మానేశాడు. కేక మాత్రం మానలేదు."

జనం గొల్లుమన్నారు. పాకోనియస్ పెదవులు బిగబట్టుకున్నాడు. "పిచ్చి లక్షణాలేమీ కనబడటం లేదు," అన్నాడు.

"అయితే అబద్ధాలకోరు," అన్నాడు ఓర్సీవియస్, మెడ నరాలు ఉబ్బేలా. "కోడలి కోసం నేను మనిషిని పంపితే, ఈయన గడపలో ఆ బానిస ఆమె లేదని చెప్పాడు. అప్పుడది అబద్ధమా, ఇప్పుడిది అబద్ధమా, తేల్చమనండి."

"నీ మనిషి ఏమని అడిగాడు?" అన్నాడు మామయ్య.

"ఇవాళ ఇక్కడికి వచ్చిందా అని."

"మావాడు ఏమన్నాడు?"

ఓర్సీవియస్ వెనక్కి తిరిగాడు. వెనకున్నవాడు బుర్ర గోక్కున్నాడు. "ఇవాళ అనేది ఈ ఇంట్లో లేదన్నాడయ్యా."

"రాలేదన్నాడా?"

"... అనలేదు."

"మరి లోపలికి ఎందుకు చూడలేదు, నాయనా?"

"పిచ్చి ఇల్లు గదా అని నవ్వుకుని వచ్చేశానండి."

"అది సరే," అన్నాడు మామయ్య ఓర్సీవియస్ వైపు తిరిగి, ఎంతో నెమ్మదిగా. "ఇంతకీ మనిషిని ఏ రోజున పంపావు?"

"ఏ రోజేమిటి? పండుగ రోజునే. వీధిలో హద్దురాళ్ళన్నిటికీ దండలు వేసి ఉన్నాయి, తేనెరొట్టెలు పెట్టి ఉన్నాయి. కావాలంటే వీణ్ణే అడగండి."

అలా అని ఆగాడు. ఆగడం ఆలస్యమైందని ముందు అతనికే అర్థమైంది.

"పండుగనాడు కోడలు నీ ఇంట్లోనే ఉందని నీ మనుషులంతా ఇప్పుడే ప్రమాణం చేశారు," అన్నాను నేను. "ఇంట్లో ఉన్న మనిషిని ఊళ్ళో వెతికించావా?"

నాకు న్యాయశాస్త్రం నేర్పినవాళ్ళు మాటను తూకం వేయడం నేర్పారు. అయినా ఇన్నేళ్ళుగా దామా చెప్పిన ఆ ఒక్క మాటను నేను తూచలేదు. ఆ గడపలో ఎవరూ ఎన్నడూ "ఆ మనిషి రాలేదు" అనలేదు, "ఆ మనిషి లేదు" అనలేదు. అబద్ధం చేతకాని మనిషి, అబద్ధం చెప్పవలసిన అవసరమే రాని చోటును సంవత్సరంలోనే ఒకటి కట్టుకున్నాడు. దానికి రెండు నెలల పొడవు. ఆ మూడు రాత్రుల కోసం తలుపు తట్టి ఏ ఆడమనిషి అందులోకి వచ్చినా, వెతకవచ్చినవాళ్ళు నవ్వుకుని తిరిగి వెళ్ళవలసిందే. ఆయన పేరు చెప్పుకుని ఊరంతా నవ్విన నవ్వే ఆ తలుపుకు గడియ.

జనంలో ఉన్న మగవాళ్ళంతా మామయ్య వెర్రికి ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆడవాళ్ళు మాత్రం ఎవరూ నవ్వడం లేదు. చాలామందికి ఉన్నట్టుండి చెప్పుల తాళ్ళు వదులైనట్టున్నాయి, వంగి కట్టుకుంటున్నారు. పాకోనియస్ ఆ వంగిన తలలను చూశాడు, తరవాత ముందువరసలో మడత కుర్చీ వైపు చూశాడు. ఆయన తల్లి ఆకాశంలోకి చూస్తోంది.

"అమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"తీర్పు చెప్పు, నాయనా," అంది ఆవిడ, చూపు దించకుండానే. "భోజనం వేళ దాటిపోతోంది."

తీర్పు చెప్పాడు. మూడు రాత్రులూ నిండాయి, ఏడాది తెగింది, వెతీలియా ఎవరి చేతికిందా లేదు, కార్ఖానా ఆమెది. వెతీలియా తన ఎర్రని చేతులతో మామయ్య రెండు చేతులూ పట్టుకుంది. టోగా పాడవుతుందని ఆయన గొణిగాడు గాని చేతులు వెనక్కి తీసుకోలేదు.

అంతటితో అయిపోయేదే. కానీ పాకోనియస్ లేవబోతూ ఆగి, నవ్వు దాచుకుంటూ అడిగాడు.

"అయితే కొసూతియస్ గారూ, ఇకనుంచి ఫిబ్రవరి ఉన్నట్టేనా?"

మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు తలలెత్తారు. మామయ్య ఒక క్షణం నా వైపు చూశాడు. ఖాయమేనా అని ముందురోజు అడిగిన చూపు అది. నేను తల ఊపాను.

"మూడు రాత్రులున్నాయి," అన్నాడు మామయ్య. "అవి ఈ అమ్మాయివి. మిగతావి ఇంకా లేవు. ఎవరికైనా అవసరం పడితే, వచ్చి చెప్పమనండి. వాళ్ళ మట్టుకు వాళ్ళకు ఒప్పుకుంటాను."